అత్త చెప్పిన సాక్ష్యం

రంపం చప్పుడు ఆగి చిత్రిక చప్పుడు మొదలైంది. అంటే చెక్కలు కోయడం అయిపోయిందన్నమాట, ఇక వాటిని నునుపు చేస్తాడు, నునుపయ్యాక జోడిస్తాడు, ఆ తర్వాత మేకులు కొడతాడు, మేకులు కూడా అయ్యాక ఇంక ఆగేదేమీ ఉండదు, నలుగురు మగవాళ్ళు లోపలికొచ్చి అత్తని ఎత్తి ఆ పెట్టెలో పడుకోబెడతారు. పెరట్లో రేకుల చూరు కింద మొగుడు చిత్రిక పడుతుంటే ఆ చప్పుడు గోడలోంచి వచ్చి, గోడకి ఆనుకుని కూర్చున్న కోడలి వీపుకి తగులుతోంది, సర్రున పోయి సర్రున వస్తూ, ఎవరో ఇష్టం లేకుండా ఊపిరి తీస్తున్నట్టు. ఊపిరి అన్న మాట మనసులోకి రాగానే చూపు ఒళ్ళోకి దిగిపోయింది. పాప నిద్రపోతోంది, నోరు తెరుచుకుని. ఆ పక్కటెముకల సందుల్లో చర్మం లోపలికి పోతోందా, లేక తనకే అలా అనిపిస్తోందా, భయస్తురాలి కంటికి తాడూ పామే గదా, నీకు పిల్ల తుమ్మితే తుఫానే గదే నిద్రమొహమా అని అత్త ఎన్నిసార్లు ఎగతాళి చేసింది. ఆ ఎగతాళి చేసే మనిషి ఇప్పుడు ఎదురుగా బల్ల మీద తెల్ల దుప్పటి కింద పడుకుని ఉంది, గడ్డం కింద నుంచి నడినెత్తి మీదికి గుడ్డ కట్టించుకుని. బతికున్నన్నాళ్ళూ ఊళ్ళో ఎవరి వల్లా కాని పని, ఆ నోరు మూయించడం, ఒక్క గుడ్డపీలికతో అయిపోయింది. నవ్వు రాబోయి ఆమె తల దించుకుంది, చూసినవాళ్ళు ఏడుస్తోందనుకున్నారు. "ఊరుకో తల్లీ, వెళ్ళింది ప్రభువు దగ్గరికేగా" అంది కిరాణా కొట్టాయన భార్య, వీపు నిమురుతూ.

కొట్టాయన భార్య ఈ గడప తొక్కడమే గొప్ప. ఆ కొట్టు తూకం గురించి అత్త ఒకసారి చర్చిలో నిండు కూడికలో మోకాళ్ళ మీద ఉండి, కళ్ళు మూసుకుని, "ప్రభువా, మా కొట్టు తమ్ముడి చెయ్యి తక్కెడ దగ్గరికొచ్చేసరికి వణుకుతోంది, ఆ చేతికి బలమియ్యి తండ్రీ" అని గట్టిగా ప్రార్థన చేస్తే, పక్కనే కూర్చున్న ఈమె ఆమెన్ అనాలో లేచిపోవాలో తెలియక ముక్కు చీదుకుంది. తూకం మాత్రం సరిపోయింది ఆ తర్వాత. పాస్టరుగారి ప్రసంగం సాగి సాగి పిల్లలు ఒకరి మీద ఒకరు వాలిపోతుంటే అత్త మధ్యలో "ఆమెన్!" అని ఒక్క అరుపు అరిచేది, అలవాటు కొద్దీ జనమంతా లేచి నిలబడేవారు, ఇక ఆయన ముగించక చేసేదేముంది. అంత చనువు అత్తకి ఆ చర్చిలో. ఊడ్చేది ఆమె, గంట కొట్టేది ఆమె, కిటికీ అద్దాలు తుడిచేది ఆమె, ఎవరికైనా ఒంట్లో బాగాలేదని తెలిస్తే పిలవకుండానే వెళ్ళి మంచం పక్కన మోకరించేదీ ఆమే. పొలంలో కలుపు తీస్తున్నా పెదాలు కదులుతూనే ఉండేవి. "ఏంటమ్మోయ్, గొణుగుతున్నావ్, నన్నేనా తిడుతున్నావ్?" అని మేస్త్రి అడిగితే, "నిన్ను తిట్టడానికి ఆయన సాయం దేనికిరా, నేను చాలనూ" అందట. తనని పనిలోంచి తీసేస్తాడేమోనన్న భయం లేదు. దేనికీ భయం లేదు అత్తకి. భయమంతా మూటగట్టి కోడలికి ఇచ్చి పుట్టించాడేమో దేవుడు.

గేటు దగ్గర ఆరోగ్య కేంద్రం నర్సమ్మ ఇంకా నిలబడే ఉంది, స్కూటరుకి ఆనుకుని, లోపలికి రాకుండా, వెళ్ళిపోకుండా. ఇందాక పాప మూతి కడగడానికి కుళాయి దగ్గరికి వెళ్తే గేటు అవతలి నుంచే పిలిచింది. "ఎన్నాళ్ళ నుంచి దగ్గుతోంది?" అంది. పలకరింపు లేదు, అత్త పోయినందుకు ఒక మంచి మాటా లేదు. "ఉత్త జలుబేనండీ." "జలుబుకి పిల్ల ఇలా చిక్కుతుందా? జ్వరం సాయంత్రం పూటేనా?" ఆమె తడి కొంగుతో పాప మూతి తుడిచింది. "ఇదిగో, ఇవాళ టౌను ఆస్పత్రికి బండి వెళ్తోంది, మధ్యాహ్నం భోజనాల వేళకి కదులుతుంది. మళ్ళీ వచ్చేవారమే. ఆ బండిలో పాపని తీసుకెళ్ళి చూపించాలి. వస్తావా రావా, ఏదో ఒకటి తేల్చు." "పెట్టె మూశాక వస్తానమ్మా." "మూసేసరికి బండి పోతుంది." "ఇంట్లో శవాన్ని పెట్టుకుని ఎలా వచ్చేది?" అంటే నర్సమ్మ గొంతు తగ్గించి, "శవానికి తొందర లేదు తల్లీ" అంది. ఆ మాట చెంప మీద కొట్టినట్టు తగిలింది, తగిలి అక్కడే ఉంది, ఇంకా మండుతూనే ఉంది.

తీసుకెళ్ళడం అంటే ఊరికే తీసుకెళ్ళడమా. బండి ఎక్కాల్సింది ఆరోగ్య కేంద్రం దగ్గరే, అది చర్చికి ఎదురుగానే, మధ్యలో ఒక్క రోడ్డు. ఆ మెట్లెక్కితే ఊరంతా చూసినట్టే, పిల్లకి కాలు బెణికితే ఒక రకం, దగ్గుతున్న పిల్లనెత్తుకుని, అందునా నాయనమ్మని పూడ్చే రోజే ఎక్కితే ఇంకో రకం. ఒకరి జబ్బు సంగతి ఇంకొకరితో చెప్పకూడదని నర్సమ్మకి పైవాళ్ళ రూలు, ఆమె పెదవి విప్పదు. కానీ మెట్లకి రూలేముంది, అవి చెప్పేస్తాయి. ఆ ఇంట్లో జబ్బు పోలేదట, అమ్మగారికి నయం కాలేదట, మరి చర్చిలో నిలబడి చెప్పిందేమిటట.

"లోపలి వైపు కూడా పడుతున్నావేంట్రా చిత్రిక, లోపల ఎవడు చూస్తాడు?" పెరట్లో ఎవరో పెద్దాయన అడుగుతున్నాడు. "అమ్మ చూస్తుంది" అన్నాడు మొగుడు, చెయ్యి ఆపకుండా. అంతే, ఆ తర్వాత ఎవరూ తొందరపెట్టలేదు. ఊళ్ళో ఎవరు పోయినా పెట్టె చేసేది అతనే, పెట్టెకీ బీరువాకీ అతనికి తేడా లేదు, పొద్దున్న కొలత తీసుకుంటే మధ్యాహ్నానికి ఇచ్చేస్తాడు, ఇవాళ మాత్రం ఒక్కో చెక్కనీ పసిపిల్లకి స్నానం చేయించినట్టు చేస్తున్నాడు. కొలత కూడా తీసుకోలేదు. ఎంత పొడుగో తెలుసులే అన్నాడు. ఏడవలేదు నిన్నటి నుంచి, చెక్కల మీదే చెయ్యి. పోయి ఆ చెయ్యి పట్టుకుని, త్వరగా కానియ్యి, బండి పోతోంది అంటే? ఏం బండి అంటాడు. చెప్పాలి. చెబితే, అమ్మని పూడ్చకముందే మొదలెట్టావా అంటాడు. అనడేమో. చూస్తాడు, అంతే, చూసి మళ్ళీ చిత్రిక పడతాడు, అదే ఇంకా కష్టం. పాప దగ్గింది. నిద్రలోనే, చిన్నగా, గవ్వలు గలగలమన్నట్టు. చిత్రిక ఆ వైపు నుంచి, దగ్గు ఈ వైపు నుంచి, మధ్యలో ఆమె వీపు.

ఈ ఇంటికొచ్చిన రోజున అత్త అడిగింది వంట వచ్చా అని కాదు, కుట్టుపని వచ్చా అని కాదు. "చదవడం వచ్చా?" అంది. ఏడో తరగతి పరీక్షలకి ముందే తమ్ముళ్ళని చూసుకోవడానికి బడి మాన్పించారు, ఆ సిగ్గుతో, "కూడబలుక్కుని చదువుతానండీ" అంటే, "చాలు, నేను కూడబలుక్కుని వింటాలే" అంది. ఆ సాయంత్రం నుంచే మొదలు. ముందు గదిలో బల్ల దగ్గర, ఈ బల్లే, ఇప్పుడు పడుకున్న ఈ బల్ల దగ్గరే, కోడలు పరిశుద్ధ గ్రంథం తెరిచి వేలు పెట్టి చదవడం, అత్త నేల మీద కాళ్ళు చాపుకుని వినడం. ఆ పాత పేర్లు నోరు తిరగక తంటాలు పడుతుంటే అత్త ముందే అందించేది. అక్షరం ముక్క రాదు, ఏ పేజీలో ఎవరు ఎవరిని కన్నారో మాత్రం నోటికి వచ్చు. "చదువు నీది, జ్ఞాపకం నాది, ఇద్దరం కలిస్తే ఒక పాస్టరమ్మకి సరిపోతాం" అనేది. ఒక్కోసారి కోడలు నిద్రమత్తులో ఒక వరస దాటేస్తే, "ఏయ్, మధ్యలో ఒకాయన్ని చంపేశావే, వెనక్కి పో" అని కాలితో పొడిచేది. అమ్మ ఇంట్లో ఎవరూ ఆమెని అలా ముద్దుగా తిట్టలేదు. తిట్టిన తిట్లన్నీ నిజం తిట్లే.

తొలికాన్పులో బిడ్డ పుట్టి ఏడవలేదు. ఆ రోజు అత్త ప్రార్థన చెయ్యలేదు. ఆ ఒక్క రోజే. వాళ్ళూ వీళ్ళూ వచ్చి, దేవుడి చిత్తమమ్మా, ఆయన ఇచ్చాడు ఆయనే తీసుకున్నాడు అంటుంటే వాకిట్లోనే నిలబెట్టి పంపేసి తలుపేసింది, మంచం కింద కూర్చుని కోడలి కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని అరికాళ్ళు రుద్దుతూ ఉండిపోయింది. "ఆయనతో నేను తర్వాత మాట్లాడతాలే, నువ్వు పడుకో" అంది. ఏం మాట్లాడిందో తెలియదు. ఇన్నేళ్ళ తర్వాత పాప పుడితే బొడ్డు కోసిన చేతుల్లోంచి మొదట అందుకున్నది అత్తే. గుండెకి అదుముకుని ఊగింది. ఆ గుండెకే. ఆ గుండెలోనే ఉందేమో ఆ జబ్బు అప్పటికే, చిన్నగా, చెదపురుగులా, లోపల్లోపల. కాదు, అప్పటికి లేదు, అప్పటికి అత్త బానే ఉంది, చర్చి గంట తాడు లాగితే కుర్రాడు లాగినట్టు మోగేది. అప్పటికి లేదు. ఆమె పాప నుదుటి మీద చెయ్యి పెట్టింది. తన చెయ్యే వేడిగా ఉందా? చెంప ఆనించి చూసింది. కొట్టాయన భార్య కూడా చూసింది, అది గమనించి కోడలు పాప ముఖం మీదికి కొంగు లాగేసింది.

దగ్గు మొదలైనప్పుడు అత్త దుమ్ము అంది. తర్వాత వయసు అంది. నర్సమ్మ కళ్ళె పరీక్షకి పంపి, మాత్రలు ఇచ్చి, నెలల తరబడి ఒక్క రోజూ మానకుండా మింగాలంటే సరేనని మింగింది, ముందు ప్రార్థన చేసి మరీ మింగింది. ఒళ్ళు తేలికపడింది, ఆకలి వేసింది, మెట్లెక్కితే ఆయాసం పోయింది. సాక్ష్యాలు చెప్పుకునే ఆదివారం వచ్చింది. ఎవరికి ఏ మేలు జరిగినా ఆ రోజు లేచి నిలబడి నలుగురి ముందూ చెప్పాలి, చెప్పకుండా దాచుకోవడం దొంగతనంతో సమానం అని అత్త నమ్మకం. లేచింది. "ప్రభువు నన్ను ముట్టాడు. నా ఛాతీలో ఉన్న జబ్బుని తీసేశాడు. నేను స్వస్థపడ్డాను" అంది. చెమ్మగిల్లని కన్ను లేదు ఆ చర్చిలో. కోడలూ ఏడ్చింది, పాపనెత్తుకుని, సంతోషం పట్టలేక. ఆ సాయంత్రం మాత్రల వేళయింది. నీళ్ళ గ్లాసు తెచ్చి పెడితే అత్త దాన్ని చేత్తో పక్కకి జరిపింది. "తీసేశాడని చెప్పానా లేదా పొద్దున?" అంది. "చెప్పావత్తా." "మరి ఇంటికొచ్చి తలుపేసుకుని ఇది మింగితే అక్కడ చెప్పింది ఏమవుతుంది? అబద్ధమేగా. దేవుడి ఇంట్లో నిలబడి అబద్ధమాడిన ముండనవుతాను గదే." మాత్రతోనే ముట్టాడేమో అత్తా అనాలని నోటిదాకా వచ్చింది. ఏడో తరగతి కూడా పూర్తికాని నోరు. పేర్లు కూడా సరిగ్గా పలకలేని నోరు. ఏమంటుంది.

నర్సమ్మ దగ్గర కూడా దాచలేదు అత్త, నాకు నయమైంది, ఇవి ఇంకెవరికైనా ఇయ్యమ్మా అని తిరిగిచ్చేసింది. నర్సమ్మ తిట్టింది, బతిమాలింది, చివరికి కోడలి చేతిలో పెట్టి నీ బాధ్యత అంది. ఆమె వాటిని నూరి పాలల్లో కలిపింది. ఒక్క గుక్క తాగి అత్త గ్లాసు కింద పెట్టింది. కేకలేస్తుందనుకుంది. వెయ్యలేదు. "పాలు విరిగాయే. పారబొయ్యి" అంది, కళ్ళలోకి చూస్తూ. ఆ చూపుతోనే అయిపోయింది, మళ్ళీ కలపలేదు. కలిపి ఉంటే. రోజూ కలిపి ఉంటే, తిట్టినా కొట్టినా కలిపి ఉంటే. ఎండలు ముదిరాక దగ్గుతో రక్తం పడింది. రుమాలు కోడలే ఉతికింది, కోడలికే తెలుసు. "బయట అనకు. నాకోసం కాదే పిల్లా, నేనెంత, నా పరువెంత. ఆయన మాట పోతుంది. నన్ను చూసి నిలబడినవాళ్ళున్నారు" అంది అత్త. ఒట్టు వెయ్యమనలేదు. మనం ఒట్లు పెట్టుకోం గదా, ఊఁ అను, నాకది చాలు అంది. ఆమె ఊఁ అంది.

ఆ ఒక్క ఊఁ అయితే మోసేదేమో. రెండోదుంది. పాపకి నాయనమ్మ పక్కలో తప్ప నిద్ర రాదు. ఒక మధ్యాహ్నం పాపని ఎత్తి అవతలి గదిలో పడుకోబెడితే, అత్త గోడ పట్టుకుని లేచి వచ్చి గుమ్మంలో నిలబడింది. "ఎందుకు తీశావు?" అంది. కోపంగా కాదు. నిజంగా తెలుసుకోవాలన్నట్టు. "దాన్ని నేనే దూరం పెడితే నేను నమ్మనట్టే గదే. నమ్మకం సగం పెట్టుకుని ఏం చేసుకుంటాను?" అని, వంగి, పాపని ఎత్తుకుని, ఆయాసపడుతూ తీసుకెళ్ళి తన పక్కన పడుకోబెట్టుకుని వీపు తట్టింది, పాట పాడుతూ, పాట మధ్యలో దగ్గుతూ. గుమ్మం అవతల ఆమె నిలబడే ఉంది. అడుగు వెయ్యలేదు. లోపలికి నాలుగడుగులు కూడా ఉండదు. నాలుగడుగులు వేసి నా బిడ్డని నాకియ్యి అనడానికి కాళ్ళు రాలేదు, ఎందుకంటే ఆ చేతులే అరికాళ్ళు రుద్దిన చేతులు, ఎందుకంటే ఆ ముఖంలో ఉన్నంత నమ్మకం ఆమె తన జన్మలో దేని మీదా పెట్టుకోలేదు, ఒకవేళ అత్తే నిజమైతే, ఒకవేళ తనకి నమ్మకం లేకపోవడం వల్లే తొలిబిడ్డ, ఛ.

"ఏం చావమ్మా! మోకాళ్ళ మీద, ప్రార్థనలో! ఎంతమందికి దొరుకుతుంది!" అంటున్నారు వాకిట్లో ఆడవాళ్ళు. నిజమే. మంచం అంచుకి నుదురు ఆనించి, చేతులు జోడించి, అలాగే ఉండిపోయింది అత్త. చూసి మొదట కేక వేసింది కోడలే. కానీ కేక వెయ్యడానికి ముందు ఏం చేసిందో ఎవరికీ తెలియదు. దుప్పటి అంచు, నేల, అత్త గడ్డం, అన్నీ తుడిచింది, ఆ గుడ్డని పొయ్యిలో పడేసింది, అది అంటుకునేదాకా నిలబడి చూసింది, అప్పుడు కేక వేసింది. ప్రార్థనలో కాదమ్మా, ఊపిరాడక, పడుకోలేక, కూర్చోలేక వంగింది. రెండూ అయ్యుండొచ్చు. అత్త ఊపిరాడకపోయినా ప్రార్థనే చేస్తుంది.

చిత్రిక ఆగింది. ఆమె ఉలిక్కిపడింది. సుత్తి మొదలైంది, ఒకటి, ఆగి ఇంకొకటి. దర్జీ భార్య వచ్చి పక్కన చతికిలబడి పాప అరికాలు నిమిరింది. "అచ్చం నాయనమ్మ పాదాలే" అని, ఇంకాస్త దగ్గరికి జరిగి, "మా ఆయన రాలేకపోయాడు వదినా, ఏమనుకోకు. మీ అత్త సాక్ష్యం విన్న రోజే ఆయనా ఆ దగ్గు మాత్రలు మానేశాడు తెలుసా? మీ అత్తకి కూడా చెప్పాడు. ఆమె ఎంత మురిసిపోయిందో! ఇప్పుడు బానే ఉన్నాడు. కాస్త సన్నబడ్డాడంతే, ఉపవాసాలు గదా" అంది. ఒక మేకు. ఇంకో మేకు. నన్ను చూసి నిలబడినవాళ్ళున్నారు. అత్తకి తెలుసా, రక్తం పడ్డాక కూడా, అతను మానేశాడని తెలిసీ, ఆ దర్జీ ఇంటికి వెళ్ళి అతని మంచం పక్కన మోకరించిందా? వెళ్ళే ఉంటుంది. మనసారా చేసే ఉంటుంది. దర్జీ భార్య నవ్వుతూ చూస్తోంది, ఏదో ఒక మంచి మాట కోసం. ఆమె నోరు తెరిచి, "సన్నబడ్డాడా" అంది. అంతవరకే వచ్చింది.

పెట్టె వచ్చింది. కొత్త చెక్క వాసన గది నిండా నిండిపోయింది. నలుగురూ ఎత్తుతుంటే అత్త ఎంత తేలిగ్గా లేచిందో, మగవాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు, బరువుంటుందని పట్టిన పట్టు వదులు చేసుకున్నారు. మొగుడు మూత పట్టుకుని పక్కన నిలబడ్డాడు, కనురెప్పల మీద చెక్కపొట్టు. పాస్టరుగారు గొంతు సవరించుకున్నారు. "పెట్టె మూసేముందు ఇంటివాళ్ళు ఒకరు సాక్ష్యం చెప్పడం మన ఆచారం. చివరి రోజుల్లో దగ్గరుండి చూసుకున్నది నువ్వేనమ్మా. అమ్మగారికి ప్రభువు చేసిన స్వస్థత గురించి రెండు మాటలు చెప్పు. వినేవాళ్ళకి బలంగా ఉంటుంది."

ఆమె లేచింది. పాప మేలుకుని మెడ పట్టుకుంది. ఇన్నాళ్ళూ చేసింది ఊరుకోవడం, ఊరుకోవడం అబద్ధం కాదనుకుంది, ఇప్పుడు నోరు తెరిచి అనమంటున్నారు. అత్త ముఖం వైపు చూసింది. ఈ మనిషి చచ్చిపోయింది, దేవుడి ఇంట్లో అన్న మాట అబద్ధం కాకూడదని చచ్చిపోయింది. ఆ ముఖం ముందు నిలబడి, నయమైందండీ, అని ఎలా అంటారు? కిటికీలోంచి నర్సమ్మ స్కూటరు స్టాండు తీయడం కనిపించింది. "అత్తకి నయం కాలేదు" అంది. తన గొంతే తనకి ఎవరిదో అనిపించింది. "మొదట తగ్గింది, మాత్రలు వేసుకున్నంత కాలం. మానేశాక మళ్ళీ వచ్చింది. రక్తం పడింది. నేనే ఉతికాను. అత్త అబద్ధం చెప్పలేదు, చెప్పినప్పుడు అది నిజమే, తర్వాత నిజం కాలేదు. పాపకి కూడా వచ్చినట్టుంది. నేను టౌనుకి తీసుకెళ్తున్నాను. వదినా, అన్నయ్యని కూడా…"

"ఇన్నాళ్ళూ ఏ నోట్లో దాచావే ఈ మాట?" దర్జీ భార్య లేచి నిలబడింది. "ఏ నోట్లో దాచావు? రోజూ కనపడతావు గదే నాకు, రోజూ!" ఆ అరుపుని కప్పేయడానికి పాస్టరుగారు పాట ఎత్తుకున్నారు, ఒకరిద్దరు అందుకున్నారు, కొట్టాయన భార్య పాప వైపు నుంచి మెల్లగా చాప మీద వెనక్కి జరిగింది. మొగుడు మాత్రం పాడలేదు. "ఇవాళా?" అన్నాడు. "ఇవాళే చెప్పాలా?" "బండి వెళ్ళిపోతుంది" అంది ఆమె. అతను తల్లిని చూశాడు, పాపని చూశాడు. తర్వాత మూత ఎత్తి పెట్టె మీద పెట్టి, మేకు తీసుకుని, తన పని మొదలుపెట్టాడు. పొమ్మన్నట్టో వద్దన్నట్టో ఆమెకి అర్థం కాలేదు. దెబ్బ మీద దెబ్బ పడుతుంటే గడప దాటింది.

స్కూటరు మీద పాప ఇద్దరి మధ్యా నలుగుతూ దగ్గుతోంది, నర్సమ్మ వీపుకి ఆ దగ్గు తగులుతుండాలి, ఆమె స్కూటరు వేగం పెంచింది. అటువైపు పాట వినిపిస్తోంది, ఇంకాసేపట్లో సమాధుల దారి పడుతుంది, ఇటువైపు రోడ్డు ఖాళీ, దుకాణాలన్నీ మూసేశారు అత్త కోసం. దర్జీ కొట్టు ఒక్కటే సగం తెరిచి ఉంది. "ఆపండి" అంది ఆమె. "బండి…" అంది నర్సమ్మ, అంటూనే బ్రేకు వేసింది.

దర్జీ మిషను ముందు కూర్చుని ఉన్నాడు, తెల్ల చొక్కా సగం తొడుక్కుని, ఒక చెయ్యి బయటే. "అప్పుడే అయిపోయిందా అమ్మా? నేనూ వద్దామనే లేచాను, చొక్కా వేసుకునేసరికి ఆయాసమొచ్చింది. మిషను దగ్గర కూర్చుంటే ఏమీ ఉండదు" అని నవ్వాడు. చొక్కా లోపల మనిషి లేడు, ఎముకలకి బట్ట తగిలించినట్టు ఉన్నాడు. పాపని చూసి చెయ్యి చాచాడు. "దా బంగారం, రంగుముక్కలిస్తాను." అక్కడ అంతమందిలో చెప్పడం ఇంత కష్టం కాలేదు. "అన్నయ్యా, అత్తకి తగ్గలేదు" అంది. "తగ్గింది గదమ్మా. నేను విన్నానుగా." "తగ్గి మళ్ళీ వచ్చింది. మాత్రలు మానేసినందుకు పోయింది. ఆఖరున ఊపిరి ఆడలేదు." అతను నర్సమ్మ వైపు చూశాడు. నర్సమ్మ రోడ్డు వైపు చూసింది. "మొన్న కూడా వచ్చి నా మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసిందే" అన్నాడు, మెల్లగా, ఎవరితోనో. పాప అతని చెయ్యి వైపు వంగి కిందికి దిగాలని కాళ్ళు ఆడించింది, దగ్గింది.

చాచిన చెయ్యి వెనక్కి పోయింది. మిషను మీద కుట్టు సగంలో ఉన్న గుడ్డ లాగి, దారం తెంపి, మూతికి అడ్డం పెట్టుకున్నాడు. "కిందికి దించకు తల్లీ. ఎత్తుకునే ఉండు" అన్నాడు ఆ గుడ్డలోంచి. లేవడానికి సత్తువ చాలక, కూర్చున్న స్టూలుని కూర్చున్నట్టే కాళ్ళతో తోసుకుంటూ, నేల గీసుకుపోతుంటే ఆగి ఊపిరి తీసుకుని మళ్ళీ తోసుకుంటూ, పాపకి దూరంగా, వెనక్కి, వెనక్కి జరిగాడు, వీపుకి గోడ తగిలేదాకా.